అబ్బులు గారి నాలుగు కలాలు

రాజోలు బస్టాండు ఎదురుగా జిరాక్సు కొట్టు నడిపే అంజిబాబు కుర్చీ చూపించినా అబ్బులు కూర్చోలేదు. మిషను వేడి మోచేతికి తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. సంచిలోంచి అట్టకార్డు ఒక్కొక్కటే తీసి ఇవ్వడం, కాపీ బయటికి రాగానే కార్డు వెనక్కి లాక్కోవడం, వేలు తడుపుకుని కాపీలు లెక్కపెట్టుకోవడం, ఇదీ వరస. పొద్దున్న పదింటికి మొదలైన పని, కరెంటు రెండుసార్లు పోయి వచ్చి, పన్నెండు దాటినా తెమల్లేదు.

"కట్టంతా ఇక్కడ పెట్టేసి వెళ్లండి అబ్బులు గారూ, సాయంత్రానికి తీసి ఉంచుతాను. మీ కార్డులు నేనేం చేసుకుంటానండీ" అన్నాడు అంజిబాబు.

"వద్దులే నాయనా. నా ఎదురుగానే తియ్యి."

ఒక కాగితం మిషన్లో ఇరుక్కుని నలిగి బయటికొచ్చింది. అంజిబాబు దాన్ని ఉండచుట్టి బుట్టలో వేశాడు. అబ్బులు వంగి, బుట్టలో చెయ్యిపెట్టి ఆ ఉండ తీసి, ముక్కలు ముక్కలుగా చింపి తన జేబులో వేసుకున్నాడు.

"మరీ ఇంత అనుమానమేంటండీ బాబూ" అని నవ్వాడు అంజిబాబు.

"అనుమానం కాదు. ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బో ఈ సంచిలో ఉంది. ఆడపిల్లల సంగతులున్నాయి. ఒక్క కాగితం జారితే రేపు ఊళ్లో నన్నడుగుతారు గానీ నిన్నడగరు."

మాట నిజమే. సూర్యప్రకాశరావు డాక్టరుగారి ఆసుపత్రిలో అబ్బులు పాతికేళ్లుగా కాంపౌండరు. పెద్ద డాక్టరుగారు పోయాక ఆయన కోడలు డాక్టరు విజయదుర్గ ఆసుపత్రి చూస్తోంది. ఆవిడే ఈ కంప్యూటరు తెప్పించింది. పాత కార్డుల్లో ఉన్నదంతా దాంట్లోకి ఎక్కించాలంది. అసలు కార్డులు బీరువా దాటి టైపు చేసేవాళ్ల చేతికి వెళ్లవని అబ్బులు మొండికేశాడు. చివరికి జిరాక్సులతో రాజీ కుదిరింది. ఆ ఒక్కటైనా తన మాట నెగ్గినందుకు అతనికి లోపల్లోపల సంతోషంగానే ఉంది.

కార్డులు ఊరికొక కట్ట. ఇవాళ్టికి సఖినేటిపల్లి కట్ట పూర్తయింది. కార్డులు నూట పన్నెండు, కాపీలు నూట పన్నెండు. రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. లెక్క సరిపోయాక సంచి చంకలో పెట్టుకుని ఎండలో బయల్దేరాడు. కాగితాలు లెక్కపెట్టాడే గానీ వాటి మీద ఏముందో చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని తోచలేదు.

ఆసుపత్రిలో మందుల గది పక్కన సగం గదికి తెర కట్టి కంప్యూటరు పెట్టారు. దాని ముందు తులసి కూర్చుని ఉంది. తాటిపాక పిల్ల, డిగ్రీ చదివింది, వచ్చి నెలన్నర. పక్కనే అమలాపురం నుంచి వచ్చిన రవితేజ, ఆ సాఫ్ట్‌వేరు తెచ్చి పెట్టినవాడు, వైర్లు సర్దుతున్నాడు.

"రండి అబ్బులు గారూ. మీ పేరు కూడా పెట్టేస్తానండి ఇవాళ. ఎవరి పేరు వాళ్లకి, ఎవరి పాస్‌వర్డు వాళ్లకి. రాహేలు గారిది కూడా అయిపోయింది" అన్నాడు రవితేజ. రాహేలంటే అక్కడి నర్సు.

"నా పేరెందుకు దాంట్లో?"

"ఎవరు ఏం రాసేరో తెలియాలి కదండీ. ఒకసారి రాసింది చెరిపేయడం కుదరదండి. దిద్దితే పాతది కిందనే ఉంటుంది, దిద్దినవాళ్ల పేరు పైన ఉంటుంది."

"అవసరంలేదు. నా పేరు నా దగ్గరే ఉండనీ." కాపీల కట్ట బల్లమీద పెట్టి, అబ్బులు అక్కణ్నుంచి కదల్లేదు. "ఇంతకీ ఎంతకిచ్చేరయ్యా ఇది?"

"ఊరికేనండి. దేశదేశాల వాళ్లు కలిసి రాసి పెట్టేరు. ఎవరైనా తీసుకోవచ్చు. లోపల ఎలా రాసేరో విప్పి చూసుకోవచ్చు, మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు కూడానండి."

"ఎవరైనా విప్పి చూసుకోవచ్చా? మనవాళ్ల జబ్బులు కూడానా?"

"అవి కాదండి. తాళం ఎలా చేసేరన్నది అందరికీ తెలుసు. చెవి మాత్రం మన దగ్గరే ఉంటుందండి."

తాళం చేసేవాడెవడైనా పది ఊళ్లకి దాని గుట్టు చెప్పి మరీ ఊరికే ఇస్తాడా? అబ్బులుకి మింగుడుపడలేదు. పైగా ఈ కుర్రాడు ప్రతి శనివారం ఆ కంప్యూటర్లో ఉన్నదంతా ఒక సీడీలోకి ఎక్కించుకుని బ్యాగులో వేసుకుని అమలాపురం పట్టుకుపోతాడు. పోయిన వారం ఒక మందుల కంపెనీ మనిషి బెంచీమీద కూర్చుని, "షుగరు వాళ్ల పేర్లన్నీ ఒక్కచోట దొరికితే మాకింకేం కావాలండీ" అని నవ్వుతూ అన్న మాట అబ్బులు చెవిలోనే ఉంది. ఆ రెండూ కలిపి చూసుకుంటే అతనికి అన్నం సయించడం మానేసింది.

సాయంత్రం సఖినేటిపల్లి నుంచి వీరాయమ్మ వచ్చింది, మోకాళ్లు పట్టేశాయని. విజయదుర్గ చూసి, మందులు చెప్పి, తన గదిలో ఉన్న కంప్యూటర్లో రాసుకుంది. అబ్బులు ఊరుకోలేదు. బీరువా తీసి, వీరాయమ్మ కార్డు బయటపెట్టి, చొక్కా జేబులో ఉన్న నాలుగు కలాల్లోంచి నీలం తీసి అదే సంగతి కార్డు మీద కూడా రాశాడు.

పెద్ద డాక్టరుగారిది ఇంటికొక కార్డు పద్ధతి. ఇంటిపెద్ద పేరు మీద ఒకటే కార్డు, ఆ ఇంట్లో ఎవరికేమొచ్చినా అందులోనే. వీరాయమ్మకి నీలం. కోడలు మాణిక్యానికి ఆకుపచ్చ. పిల్లలకి ఎరుపు. మగవాళ్లకి నలుపు. ఏ ఇంటి కార్డైనా ఇదే వరస. పెద్ద డాక్టరుగారు రోగి నాడి మీద ఒక చెయ్యి వేసి రెండో చెయ్యి చాపితే, వచ్చిన మనిషిని బట్టి కలం ఆ చేతిలో పెట్టేవాడు అబ్బులు. ఆయన తలెత్తకుండా రాసుకుపోయేవారు. కోడలు డాక్టరమ్మకి మామగారి గొలుసుకట్టు రాత చదవడం కష్టం. పాత సంగతి ఏం కావాలన్నా అబ్బులునే అడుగుతుంది. రంగుల గుట్టు ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. చెప్పేస్తే ఇక తనతో పనేముంటుందన్న ఆలోచన అతనికి రాలేదని మాత్రం నేను ప్రమాణం చేసి చెప్పలేను.

శుక్రవారం మధ్యాహ్నం తులసి తెర పక్కకి తీసి తల బయటపెట్టింది. చేతిలో ఒక కాపీ ఉంది.

"బాబాయ్ గారూ, వీరాయమ్మ గారికి యాభై ఎనిమిదేళ్లని ఉందండి పైన. కింద చంటిబిడ్డకి పాలు చాలట్లేదని ఉంది. ఇదెలాగండీ?"

అబ్బులు సీసాలో మాత్రలు పోస్తున్నాడు. ఈ పిల్లకి ఒకరింటి చంటిబిడ్డ సంగతి ఎందుకు? ఇలా ఒక్కొక్కటే అడిగి లాగి, ఆ కుర్రాడికి చేరవేస్తుందా?

"నీకు టైపు పని ఇచ్చేరా, ఆరాలు తీసే పని ఇచ్చేరా?"

"కాదండీ, మరి తేడాగా ఉంటేను..."

"ఉన్నది ఉన్నట్టు కొట్టు. నీకెందుకు మిగతాది" అన్నాడు, ఆ కాగితం వైపు తల తిప్పకుండా. తులసి "ఆయ్" అని లోపలికి వెళ్లిపోయింది. టకటకమని మీటల చప్పుడు మళ్లీ మొదలైంది.

శనివారం తన అక్కగారింట్లో పనుందని చెప్పి అబ్బులు సెలవు పెట్టాడు. రవితేజ సీడీ తీసుకుని ఎక్కిన బస్సే తనూ ఎక్కి, వెనక సీట్లో తుండు మొహం మీదికి లాక్కుని కూర్చున్నాడు. అమలాపురంలో దిగి, ఆ కుర్రాడి వెనకే పాతిక గజాల దూరంలో నడిచాడు. రవితేజ మందుల దుకాణాలన్నీ దాటి, ఒక సందులోకి తిరిగి, మేడింట్లోకి వెళ్లాడు. అబ్బులు గేటు తోసుకుని లోపలికి నడిచాడు. ఇవాళ తాడోపేడో తేలిపోవాలనుకున్నాడు.

వసారాలో డాక్టరమ్మ తల్లి భవానీదేవి కూర్చుని ఉంది. సీడీ కవరు ఆవిడ చేతిలోనే ఉంది.

"అబ్బులూ, నువ్వేంటయ్యా ఇలా వచ్చేవు? అమ్మాయి కులాసాయేనా?"

అబ్బులు తలాడించాడు. ఆవిడ లేచి ఇనప్పెట్టె తీసి ఆ కవరు పెట్టింది. లోపల అలాంటి కవర్లు ఐదో ఆరో ఉన్నాయి. ప్రతిదాని అంటింపు మీద విజయదుర్గ సంతకం ఉంది.

"ఆసుపత్రికి ఏదైనా అయితే ఒక ప్రతి ఇక్కడుంటుందని డాక్టరమ్మగారు పెట్టిన పద్ధతండి" అన్నాడు రవితేజ నెమ్మదిగా. "తొంభై ఆరు తుఫాను సంగతి ఆవిడే చెప్పేరు. తడిసిన కార్డులు మేడమీద ఆరబెట్టేరటగా మీరు."

నాలుగు రోజులు ఆరబెట్టాడు. అయినా రెండు కట్టలు ముద్దయిపోయాయి. ఆ కట్టల్లో పేర్లు ఇప్పటికీ అతనికి కంఠతా వచ్చు. భవానీదేవి ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి బయటికొచ్చాడు.

"నా వెనకాలే వచ్చేరా అబ్బులు గారూ?" అని బస్టాండు దాకా దిగబెట్టిన రవితేజ అడిగాడు.

"ఆయ్" అన్నాడు అబ్బులు. దాచడానికి ఓపిక లేకపోయింది. కుర్రాడు కోప్పడలేదు. అదింకా బాధగా ఉంది. అయినా బస్సు కదిలాక మళ్లీ అనుమానం మొదలైంది. ఒక సీడీ ఇక్కడిచ్చాడు సరే, రెండోది ఇంట్లో పెట్టుకోలేదని ఏంటి నమ్మకం?

మూడు దాటాక ఆసుపత్రికి చేరాడు. మెట్ల మీద పోలిరాజు కూర్చుని ఉన్నాడు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు మీద పనిచేసే మనిషి, వీరాయమ్మ కొడుకు. అతని చేతిలో ఒక జత ఆడచెప్పులున్నాయి. వాటిని కింద పెట్టాలన్న ధ్యాస కూడా ఉన్నట్టు లేదు.

"ఎక్కడికెళ్లిపోయేరండీ బాబూ" అన్నాడు అబ్బులుని చూసి. "ఎంతసేపు వెతికేమో తవరికోసం."

లోపల మంచం మీద మాణిక్యం ఉంది. మొహం ఉబ్బి కళ్లు సగం మూసుకుపోయాయి. చేతికి సెలైను, ముక్కుకి ఆక్సిజన్. రాహేలు మంచం పక్కనుంచి లేచి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"చేపలు కోస్తుంటే జెల్ల ముల్లు గుచ్చుకుని చెయ్యి చీముపట్టిందండి. పెన్సిలిన్ పడుతుందా అని అమ్మగారు అడిగేరు. 'నాకు తెలీదండి, కార్డులో ఉంటాది, అబ్బులు గారికి తెలుసు' అంది మాణిక్యం. మీరు లేరు. బీరువా తాళం మీ దగ్గరుంది. కంప్యూటర్లో ఆవిడ పేరే లేదు. అమ్మగారు టెస్ట్ డోసు వెయ్యమన్నారు. చుక్కంటే చుక్కేనండి. రెండు నిమిషాల్లో ఊపిరాడక పడిపోయింది. అమ్మగారు పక్కనే ఉన్నారు గనక దక్కింది."

అబ్బులు చెయ్యి దానంతటదే జేబు తడిమింది. తాళంచెవి అక్కడే ఉంది.

విజయదుర్గ తులసిని గదిలోకి పిలిచింది. అబ్బులు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. బల్ల మీద కాపీ ఉంది, కంప్యూటరు తెరిచి ఉంది.

"పెన్సిలిన్ పడదు. వీరాయమ్మ పేరు మీద రాసి ఉంది. ఎంటర్ చేసింది నువ్వు, నిన్న నాలుగున్నరకి. ఈ మాట కోడలిది కదా?"

"కార్డులో వీరాయమ్మ గారి పేరే ఉందండి."

"యాభై ఎనిమిదేళ్ల ఆవిడకి పాలు తాగే బిడ్డేంటని అనుమానం రాలేదా? ఒక్కమాట అడగాలనిపించలేదా నీకు?"

తులసి తల ఎత్తింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అబ్బులు వైపు చూసింది. తర్వాత కళ్లు దించేసుకుంది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"మనిషి ప్రాణం మీదికొచ్చిందమ్మా. నేను నిన్ను పెట్టుకోలేను. సోమవారం నుంచి రావద్దు."

తులసి టిఫిను డబ్బా తీసుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. విజయదుర్గ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. "తాళం ఇచ్చి వెళ్లాల్సింది అబ్బులు గారూ" అంది, అంతే.

నిజం చెప్పాలంటే అబ్బులుకి మొదట కలిగింది సంతోషమే. నే చెప్పలేదా, ఆ మిషను మన కొంప ముంచుతుందని? అతను బీరువా తీసి వీరాయమ్మ కార్డు లాగాడు. పెద్ద డాక్టరుగారి రాతలో, ఆకుపచ్చ సిరాలో, 'పెన్సిలిన్ పడదు' అని ఉంది, కింద రెండు గీతలతో. అబ్బులు తనే పక్కన నిలబడి రాయించిన మాట అది. ఇంత స్పష్టంగా ఉంటే చూసుకోకుండా ఎలా కొట్టింది? కళ్లు నెత్తికెక్కాయా? ఆ పిల్ల చూసి కొట్టిన కాపీ తెచ్చి కార్డు పక్కన పెట్టాడు.

కాపీలో ఆకుపచ్చ లేదు. నీలం లేదు. ఎరుపు లేదు. పై నుంచి కింది దాకా అంతా ఒకటే నలుపు. అత్తగారి మోకాళ్లు, కోడలి పాలు, పిల్లల కోరింత దగ్గు, పోలిరాజు నడుంనొప్పి, అన్నీ వీరాయమ్మ అనే ఒకే మనిషివి.

అబ్బులు మందుల గదిలో స్టూలు మీద కూలబడ్డాడు. ఇంకో కాపీ తీశాడు. నలుపు. మరొకటి. నలుపు. నూట పన్నెండూ తన ఎదురుగా తీయించినవే. చెత్తబుట్టలో ఉండ కూడా వదలకుండా ఏరుకున్నాడు. అంత జాగ్రత్తా పడి, మనుషులందరినీ కలిపి ముద్దచేసి ఆ పిల్ల చేతిలో పెట్టింది తనే. ఆ పిల్ల అడగనే అడిగింది కూడా.

ఆదివారం మాణిక్యాన్ని ఇంటికి పంపేశారు. వాపు తగ్గింది. వీరాయమ్మ కోడలి చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ, "ఆ మాయదారి మిషను మా పిల్లని చంపబోయిందండి" అంది. మాణిక్యం ఆగి అబ్బులుకి దణ్ణం పెట్టింది.

"తవరుంటే ఇలా అయ్యేది కాదండి. తవరు లేకపోబట్టే."

వాళ్ల ఆటో బస్టాండు వైపు తిరిగేదాకా అబ్బులు మెట్ల మీదే నిలబడి, లోపలికొచ్చి కాపీల కట్ట చేతిలోకి తీసుకున్నాడు. వెనక పెరట్లో సూదులూ దూదీ కాల్చే గొయ్యి ఉంది. ఈ కట్ట అందులో వేసేస్తే అడిగేవాళ్లు లేరు. కట్ట పట్టుకుని గొయ్యి దాకా వెళ్లాడు. అగ్గిపెట్టె కూడా తీశాడు. ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలీదు. చివరికి కట్ట చంకలో పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు.

సోమవారం పొద్దున్న రోగులు రాకముందే విజయదుర్గ బల్ల మీద కార్డూ కాపీ పక్కపక్కన పెట్టాడు. చొక్కా జేబులోంచి నాలుగు కలాలూ తీసి వాటి పక్కన పెట్టాడు. రంగుల సంగతంతా చెప్పాడు. చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆవిడ కార్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆకుపచ్చ గీతల మీద వేలు ఆనించింది.

"మామయ్యగారికి తెలుసా ఇది?"

"తెలీదనుకుంటానండి. కలం నేనే చేతికిచ్చేవాణ్ణి."

"ఆ అమ్మాయి మిమ్మల్ని అడగలేదా?"

"అడిగిందండి."

"ఏం చెప్పేరు?"

"ఉన్నది ఉన్నట్టు కొట్టమన్నానండి. కాగితం కూడా చూళ్లేదు."

విజయదుర్గ కార్డు కింద పెట్టింది. కేకలేస్తుందనుకున్నాడు. వేస్తే బాగుండుననుకున్నాడు.

"తప్పు నాది కూడా ఉంది. ఆ పిల్ల చెప్పేదాకా ఆగకుండా పంపేశాను" అంది చివరికి. "అలాంటి కార్డులు ఎన్నున్నాయి?"

"పద్దెనిమిది వందల చిల్లరండి. అన్నీ అలాంటివే."

"వెళ్లి తులసిని తీసుకురండి. నేను ఫోను చేస్తాను గానీ, ముందు మీరే వెళ్లాలి."

తాటిపాకలో తులసి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆ పిల్ల బావి దగ్గర గిన్నెలు తోముతోంది. అబ్బులుని చూసి లేచి నిలబడింది, చేతులకి బూడిద ఉండగానే. అతను అరుగు మీద కూర్చోలేదు. రంగుల సంగతీ, డాక్టరమ్మ రమ్మన్న సంగతీ నిలబడే చెప్పాడు.

"ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా, 'నేనడిగితే ఆయనే కొట్టమన్నారు' అని. నేనక్కడే ఉన్నానుగా" అన్నాడు.

"చెప్తే మీరు అలా అన్లేదంటారనుకున్నానండి" అంది తులసి. "అప్పుడు మీ మాటే నెగ్గుతుంది కదండీ. ఉద్యోగం పోయిందాన్ని పోయినట్టు పోక, అబద్ధాలకోరునని కూడా ఎందుకనిపించుకోవడం అని."

పాతికేళ్లలో అబ్బులుని ఎవరూ అలా అనలేదు. అనుమానించడం అతని పని. తనని కూడా ఒకరు అలా పైనుంచి కిందిదాకా తూచి చూసి ఉంటారని ఎప్పుడూ అనుకోలేదు. తను గుమ్మంలో నిలబడి కూడా నోరు విప్పలేదన్నది నిజం. ఆ పిల్ల అంచనా తప్పని ఎలా అంటాడు?

"చేతులు కడుక్కో అమ్మా. బస్సుకి టైమవుతోంది" అన్నాడు.

మధ్యాహ్నం తెర వెనక రెండో కుర్చీ వేశారు. బీరువా తలుపు బార్లా తెరిచి ఉంది. సఖినేటిపల్లి కట్ట, అసలు కార్డుల కట్ట, తులసి పక్కన బల్ల మీద ఉంది. తులసి వీరాయమ్మ పేజీ తెరిచి, మాణిక్యానికి వేరే పేజీ పెట్టి, ఆకుపచ్చ మాటలన్నీ ఒక్కొక్కటే అందులోకి మార్చింది. అబ్బులు కార్డు మీద వేలు పెట్టి చదువుతున్నాడు. 'పెన్సిలిన్ పడదు' దగ్గరకొచ్చేసరికి మిషను ఆగి, ఒక చిన్న గడి చూపించింది.

"ఎందుకు మారుస్తున్నారని అడుగుతోందండి. టైపింగ్ మిస్టేక్ అని పెట్టేస్తాను" అంది తులసి.

"ఎవరి పేరు మీద పడుతుంది?"

"నా పేరేనండి. నేను కదా తెరిచింది."

"ఆగు." అబ్బులు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "నా పేరుకి కూడా ఏదో పెట్టుకోవాలన్నాడుగా రవితేజ. అది పెట్టు ముందు."

రవితేజకి ఫోను చేసి అడిగి, తులసి అతని పేరు పెట్టింది. మళ్లీ ఆ పేజీకి వచ్చి, కుర్చీ పక్కకి జరుపుకుంది. అబ్బులు కళ్లజోడు తుడుచుకుని మీటల మీదికి వంగాడు. మందుల సీసాల మీద చదివి నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ, ఒక్క వేలితో, తెలుగు మాటల్ని వాటిలో కూర్చుకుంటూ వచ్చాడు. బయట రాహేలు ఎవరినో పేరుపెట్టి పిలుస్తోంది. తులసి తొందరపెట్టలేదు.

గడిలో ఆ పిల్ల చదివింది ఇది: 'ఆ అమ్మాయి అడిగింది. నేను చెప్పలేదు.'

కింద మిషను తనంతట తనే టైమూ తేదీ వేసి, పక్కన అబ్బులు అని చేర్చింది.